విశాఖ దాకా కారు నడపొచ్చా?

ప్రశ్న: నా వయసు 68. నేవీలో 15 ఏళ్లు పనిచేశాను. డిసెంబరు 4న నేవీ డేకి పాత షిప్‌మేట్లం విశాఖలో కలుస్తున్నాం. హైదరాబాద్ నుంచి నేనే కారు నడుపుకుంటూ వెళ్లాలనుంది. షుగర్, బీపీ ఉన్నాయి. సాయంత్రానికి పాదాలు వాస్తాయి. వెళ్లొచ్చా?

– ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వెళ్లొచ్చు. కానీ 600 కిలోమీటర్లు దాటిన దారిని ఒక్కరోజులో ముగించాలనుకోకండి. విజయవాడలోనో రాజమండ్రిలోనో రాత్రి ఆగండి. ముందుగా మీ డాక్టరుకు ఆ వాపు చూపించండి. గుండె, కిడ్నీ సమస్యలున్నా కాళ్లు వాస్తాయి.

నడిచేటప్పుడు పిక్కల కండరాలు పంపులా రక్తాన్ని పైకి నెడతాయి. గంటల తరబడి కూర్చుంటే ఆ పని మందగించి, సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. అందుకే రెండు గంటలకోసారి కారు ఆపి, ఐదు నిమిషాలు నడవండి. ఒక్క కాలే వాచి నొప్పి పుట్టినా, ఆయాసం, ఛాతీనొప్పి వచ్చినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

బయల్దేరే ముందు షుగర్ చూసుకోండి. 90 కంటే తక్కువుంటే ఏదైనా తిన్నాకే స్టీరింగ్ పట్టండి. దారిలో చెమటలు, వణుకు మొదలైతే కారు పక్కన ఆపి గ్లూకోజ్ తీసుకోండి. షుగర్ మామూలుకొచ్చాక కూడా ముప్పావుగంట నడపొద్దు. ఇన్సులిన్ వాడుతుంటే ఎండలో నిలిపిన కారులో వదలొద్దు. మాటిమాటికీ మూత్రం వస్తుందని బీపీ మాత్ర మానొద్దు, నీళ్లు తగ్గించొద్దు.

మందుల చీటీ, మాజీ సైనికుల వైద్య పథకం (ఈసీహెచ్‌ఎస్) కార్డు జేబులో ఉంచుకోండి. పక్కన డ్రైవింగ్ వచ్చినవారు ఒకరుంటే మరీ మంచిది.