సైకిలుకు మోపెడ్ టైరు: మేము నేర్చుకున్న పాఠం

పోయిన వార్షికోత్సవానికి మా బ్యాచ్ వాళ్ళం హాస్టల్‌కి వచ్చినప్పుడు తొమ్మిదో తరగతి తమ్ముడొకడు మమ్మల్ని పక్కకు పిలిచాడు. "అన్నా, మా నాన్న సైకిలుకి బ్యాటరీ మోటారు పెట్టించాం. చేపల బుట్ట కట్టుకుని ఉప్పాడ నుంచి కాకినాడ వస్తాడు. అస్తమానం టైరు పగిలిపోతోంది. మోపెడ్ టైరు వేస్తే ఆగుతుందా?" అని అడిగాడు.

మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. డిప్లొమా చదివే రోజుల్లో సరిగ్గా ఇదే పని మేమూ చేశాం. దాని వల్ల ఒక మనిషి భుజం ఎముక విరిగింది. ఆ తమ్ముడికి చెప్పిన జవాబునే ఈ సంచికలో అందరి కోసం రాస్తున్నాం.

టైరు మీది అంకెలు

ముందుగా టైరు పక్కన అచ్చు వేసిన అంకెలు చదవడం నేర్చుకోవాలి. మన పాతకాలపు నల్ల సైకిలు టైరు మీద 28 × 1½ అని ఉంటుంది. ఇందులో 28 అంగుళాలు గాలి కొట్టిన టైరు మొత్తం వ్యాసం. మోపెడ్ టైరు మీద 2.50–16 అని ఉంటుంది. ఇందులో 16 అంగుళాలు టైరు వ్యాసం కాదు, అది కూర్చునే రిమ్ము వ్యాసం. అంటే సైకిలు వాళ్ళు బయట కొలిస్తే, మోపెడ్ వాళ్ళు లోపల కొలుస్తారు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే.

నమ్మదగిన కొలత మిల్లీమీటర్లలో ఉంటుంది. 28 × 1½ టైరు మీద చాలాసార్లు 40–635 అని కూడా కనిపిస్తుంది. 40 టైరు వెడల్పు, 635 రిమ్ము మీద టైరు కూర్చునే చోటి వ్యాసం. 16 అంగుళాల మోపెడ్ రిమ్ముకు అదే కొలత సుమారు 406 మిల్లీమీటర్లు. టైరు అంచులో ఉక్కు తీగ ఉంటుంది, అది సాగదు. కాబట్టి సైకిలు రిమ్ముకు మోపెడ్ టైరు ఎట్టి పరిస్థితుల్లోనూ ఎక్కదు. అంతెందుకు, సైకిళ్ళలోనే 26 × 1⅜ టైరుకు 590, 26 × 1.75 టైరుకు 559. రెండూ "26" అయినా ఒకదానిది ఇంకొకదానికి పట్టదు.

టైరు మారిస్తే అన్నీ మారాలి

టైరు ఎక్కదు కాబట్టి రిమ్ము మార్చాలి. రిమ్ము మారిస్తే పుల్లలు మారాలి. నల్ల సైకిలు ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 పుల్లలు ఉంటాయి. మోపెడ్ రిమ్ములు చాలావాటికి 36 కన్నాలు. పైగా ఆ కన్నాలు పెద్దవి, సైకిలు పుల్ల నిపిల్ వాటిలోంచి జారిపోతుంది.

ఇక ఎత్తు సంగతి. 2.50–16 టైరు మొత్తం వ్యాసం 16 + 2.5 + 2.5, అంటే సుమారు 21 అంగుళాలు. 28 అంగుళాల చక్రాలు తీసి ఇవి పెడితే సైకిలు మూడున్నర అంగుళాలు కిందికి దిగుతుంది. మలుపులో పెడల్ నేలకు తగులుతుంది. బ్రేకు రబ్బర్లకు రిమ్ము అందదు. మోటారు అదే వేగంతో తిరిగినా, 25 కిలోమీటర్లు వెళ్ళే బండి 19 లోపే వెళ్తుంది. దీనికి బదులుగా లాగే బలం మూడో వంతు పెరుగుతుంది. ఈ ఒక్క లాభం చూసే మేము మోసపోయాం.

మేము చేసిన తప్పు

మాతో పాటు హాస్టల్‌లో ఉన్న స్నేహితుడి నాన్న కూడా చేపలే అమ్మేవారు. ఆయన్ని మేమంతా బాబాయి అనేవాళ్ళం. ఆయన కష్టం చూడలేక, పాత ఇనుము కొట్టులో ఒక మోపెడ్ ఇంజను, రెండు చక్రాలు కొని సైకిలు ఫ్రేముకు బిగించాం. చక్రం పట్టింది, టైరు గట్టిగా ఉంది. మా తెలివికి మేమే మురిసిపోయాం.

మోపెడ్ చక్రంలో డ్రమ్ము బ్రేకు ఉంటుంది. బ్రేకు నొక్కగానే తిరిగే డ్రమ్ము, లోపలి బ్రేకు ప్లేటును కూడా తనతో తిప్పాలని చూస్తుంది. ఆ ప్లేటు తిరగకుండా మోపెడ్ ఫోర్కుకు ఒక పట్టు ఉంటుంది. సైకిలు ఫోర్కుకు అది లేదు. మేము గమనించలేదు. జగన్నాథపురం వంతెన దిగుతూ బాబాయి ముందు బ్రేకు నొక్కారు. ప్లేటు గిర్రున తిరిగింది, కేబుల్ ఇరుసుకు చుట్టుకుంది, చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోయింది. బాబాయి హ్యాండిల్ మీదుగా రోడ్డు మీద పడ్డారు.

మూడు నెలలు ఆ ఇంట్లో సంపాదన లేదు. మా స్నేహితుడు పరీక్షలు మానేసి బుట్ట ఎత్తుకున్నాడు. మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే మాకు ఇప్పటికీ బాధ.

ఫిజిక్స్ పాఠం గుర్తుందా?

వేగం రెండింతలైతే గతిశక్తి నాలుగింతలవుతుంది. 12 కిలోమీటర్ల వేగంతో తొక్కే సైకిలు 25తో పరుగెత్తితే బ్రేకు ఆపాల్సిన శక్తి నాలుగు రెట్లు దాటుతుంది. మోపెడ్ టైరు మీద 41ఎల్ అని ఉంటే అది 145 కిలోలు మోయగలదని, 120 కిలోమీటర్ల వేగాన్ని తట్టుకోగలదని అర్థం. ఆ మాట టైరు గురించే గాని సైకిలు ఫోర్కు గురించి కాదు. గొలుసు బలం దాని బలహీనమైన లింకులోనే ఉంటుంది.

మోపెడ్ కూడా పుట్టుకతో ఇంజను పెట్టిన సైకిలే. మోటారు, పెడల్ అనే మాటలు కలిసే ఆ పేరు వచ్చింది. మన తిరుపతిలో తయారైన సువేగాకైనా, 1980లో వచ్చిన టీవీఎస్ 50కైనా లావు ఫ్రేము, చిన్న చక్రం, డ్రమ్ము బ్రేకు కలిపే ఇచ్చారు. ఒక్క టైరుతో సరిపెట్టలేదు.

మరి ఏం చేయాలి?

సైకిలు రిమ్ము కొలత మార్చవద్దు. అదే 28 × 1½ కొలతలో రిక్షాలకు వాడే మందపాటి టైరు అడగండి. ఉప్పుగాలికి రిమ్ము, పుల్లలు తుప్పు పడతాయి కాబట్టి టైరు విప్పినప్పుడల్లా లోపల చూడండి. పుల్లల మొనలు ట్యూబుకు గుచ్చుకోకుండా రిమ్ముకు పట్టీ వేయండి. గాలి తక్కువగా ఉంటే బరువుకు టైరు నలిగి, ట్యూబు రిమ్ముకు రాసుకుని పగులుతుంది. రోజూ గాలి చూడండి.

చక్రంలో మోటారు ఉంటే దాని ఇరుసును ఫ్రేముకు పట్టి ఉంచే ఇనుప పట్టీ బిగిసి ఉందో లేదో తప్పక చూడండి. అది లేకపోతే చక్రానికి బదులు ఇరుసే తిరిగి వైర్లు తెగుతాయి. బాబాయిని పడేసిన సూత్రం ఇదే.

చట్టం కూడా తెలుసుకోండి. 250 వాట్ల లోపు, గంటకు 25 కిలోమీటర్ల లోపు బ్యాటరీ సైకిలుకు, నిబంధనల్లో చెప్పిన బరువు దాటకపోతే, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పాత మోపెడ్ ఇంజను బిగిస్తే మాత్రం అది మోటారు వాహనమే.

ఇంకా ఎక్కువ బరువు మోయాలంటే మంచి పాత మోపెడ్ కాగితాలతో సహా కొనుక్కోవడమే మేలు.

ఆ తమ్ముడు అంతా విని, "అయితే ముందు ఇరుసు పట్టీ చూస్తానన్నా" అన్నాడు. ఆ రోజుల్లో మాకు రాని ప్రశ్న వాడికి వచ్చింది. తమ్ముళ్ళూ, ఏదైనా బిగించే ముందు "ఇది తిరుగుతుందా?" అని మాత్రమే కాదు, "ఇది ఎలా ఆగుతుంది?" అని కూడా అడగండి.