వేలంపాటలో మోకాలి ఖరీదు
(పెద్ద తరగతి పిల్లలకు పాఠం)

పిల్లలూ, తెలుగులో 'పాట' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి మీకు తెలిసిందే. రెండోది వేలంపాట. ఊళ్ళో చేపల చెరువునో, చింతచెట్ల కాపునో వేలం వేసినప్పుడు ఒక్కొక్కరూ తాము ఇవ్వగల ధరను పైకి చెబుతారు. దాన్నే 'పాట పాడటం' అంటారు. 'సర్కారువారి పాట' అంటే గవర్నమెంటు రాగం తీయడం కాదు, గవర్నమెంటు వేసే వేలం! అందరికంటే ఎక్కువ ధర చెప్పినవారిది హెచ్చుపాట. "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి" అనగానే పాట ఖాయమైపోతుంది.

ఈ మాటలు నేర్పడానికి ఈసారి మేము చెరువును కాకుండా ఒక కబడ్డీ ఆటగాణ్ణి ఎంచుకున్నాము. చెరువు కథ చెబితే మీరు కిటికీలోంచి బయటికి చూస్తారని మాకు తెలుసు.

మన చెడుగుడే కబడ్డీ. 2014లో ప్రొ కబడ్డీ లీగ్ మొదలయ్యాక అందులోకి పెద్ద డబ్బు వచ్చింది. తొలి ఎనిమిది జట్లలో మన తెలుగు టైటాన్స్ ఒకటి. లీగ్ పద్ధతి ఇలా ఉంటుంది. జట్టు వదిలేసిన ఆటగాళ్ళు వేలానికి వస్తారు. ఒక్కొక్కరికీ ఒక కనీస ధర ఉంటుంది. 2023 వేలంలో పై తరగతి ఆటగాడికి అది 30 లక్షల రూపాయలు, చివరి తరగతికి 9 లక్షలు. ఒక్కో జట్టు మొత్తం ఖర్చు 5 కోట్లు దాటకూడదు. ఆ డబ్బుతోనే కనీసం 18 మందిని సమకూర్చుకోవాలి.

ఇక మన కథానాయకుడు పవన్ సెహ్రావత్, ఢిల్లీ కుర్రాడు. కూతకు వెళ్ళాడంటే ఎదుటివాళ్ళ తలల మీదుగా ఎగిరి గీత చేరతాడు. 2019లో హర్యానా స్టీలర్స్ మీద ఒకే మ్యాచ్‌లో 39 రైడ్ పాయింట్లు తెచ్చి రికార్డు సృష్టించాడు. 2022 వేలంలో తమిళ్ తలైవాస్ అతనికి 2.26 కోట్లు పాడింది. అప్పటికి లీగ్‌లో అదే అత్యధిక ధర. సీజన్‌లో ఆ జట్టు మొదటి మ్యాచ్‌లోనే పవన్ మోకాలు దెబ్బతింది. మళ్ళీ ఆ సీజన్‌లో అతను కోర్టులో దిగలేదు.

మరుసటి ఏడు తలైవాస్ అతన్ని వదిలేసింది. 2023 అక్టోబరులో ముంబైలో వేలం. దానికి రెండు మూడు రోజుల ముందే హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో పవన్ కెప్టెన్‌గా భారత్‌కు స్వర్ణం తెచ్చాడు. ఇప్పుడు చెప్పండి, మీరే జట్టు యజమాని అయితే ఏం చేస్తారు? ఆట చూస్తే ఆకాశమంత. మోకాలు చూస్తే గుండె దడ.

తెలుగు టైటాన్స్ 2.605 కోట్లు పాడింది. అప్పటి మారకం ప్రకారం మూడు లక్షల యూరోలకు కాస్త తక్కువ. అంత తెగింపు ఎందుకంటే, అంతకుముందు రెండు సీజన్లలో 44 మ్యాచులు ఆడి టైటాన్స్ గెలిచింది మూడే. ఓడి ఓడి ఉన్నవాడి పాట ఎప్పుడూ కొంచెం పైకే పోతుంది. చెరువు పాటలోనూ అంతే.

తరగతిలో పలకల మీద లెక్క వేయించాము. 5 కోట్లలో 2.605 కోట్లు తీసేస్తే మిగిలేది 2.395 కోట్లు. ఇంకా కనీసం 17 మంది కావాలి. అంటే తలకు సగటున 14 లక్షలు. సగానికి పైగా సొమ్ము ఒక్కడి మీదే! మాలో చాలామందిమి కంప్యూటర్ల పని చేసేవాళ్ళం. ఒక్క యంత్రం ఆగితే అంతా ఆగిపోయేలా మేము ఏదైనా కడితే మా ఆఫీసులో ఒప్పుకోరు.

అయితే తమాషా చూడండి. అందరూ భయపడిన మోకాలు ఆ సీజన్‌లో నిలబడింది. పవన్ 200కు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. అయినా టైటాన్స్ 22 మ్యాచుల్లో రెండే గెలిచి పన్నెండు జట్లలో అట్టడుగున నిలిచింది. పవన్ గాయపడిన సీజన్‌లో తలైవాస్ ఏమైంది? నరేందర్ అనే కొత్త కుర్రాడు అందుకోవడంతో మొదటిసారి సెమీఫైనల్ చేరింది! ప్రమాదం మోకాలిలో ఉందని అందరూ చూశారు. అసలు ప్రమాదం మిగిలిన 17 మంది లెక్కలో ఉంది.

2024లో టైటాన్స్ పవన్‌ను 1.725 కోట్లకే తిరిగి తెచ్చుకుంది. పాట ముగిశాక "ఆ ధర మేమే ఇస్తాం" అని పాత జట్టు అడిగే హక్కు ఈ లీగ్‌లో ఉంది. 2025లో అతను 59.5 లక్షలకు మళ్ళీ తలైవాస్‌కు వెళ్ళాడు.

ఈ పాఠం చెబుతుండగా ఒక పాప అడిగింది: "ఆ జట్టుకి ఆడడం ఆయనకి ఇష్టం లేకపోతే?" మేము రాసుకొచ్చిన ప్రశ్నల్లో ఇది లేదు. వేలంలో ఆటగాడికి బేరం లేదు. హెచ్చుపాట ఎవరిదైతే వారికే ఆడాలి. అమెరికా బాస్కెట్‌బాల్‌లో అలా కాదు. ఒప్పందం గడువు తీరిన ఆటగాడు తనకు నచ్చిన జట్టుతో తానే మాట్లాడుకోవచ్చు. భయాలను కూడా కాగితం మీద పెట్టుకుంటారు. జోయెల్ ఎంబీడ్ మొదటి మూడేళ్ళలో 246 మ్యాచులకు గాయాల వల్ల 31 మాత్రమే ఆడాడు. అయినా 2017లో ఫిలడెల్ఫియా జట్టు అతనితో ఒప్పందాన్ని అయిదేళ్ళకు, సుమారు 14.8 కోట్ల డాలర్లకు పొడిగించింది. అయితే ఒక షరతు పెట్టింది. పాత గాయం తిరగబెట్టి ఎక్కువ మ్యాచులు పోతే తక్కువ సొమ్ముతో వదిలేయవచ్చు. 2023లో అతను లీగ్‌లోనే అత్యుత్తమ ఆటగాడయ్యాడు. 2024-25లో మళ్ళీ గాయాలతో 19 మ్యాచులే ఆడాడు. షరతు రాసుకున్నంత మాత్రాన మోకాలు వినదు. నష్టం ఎవరు ఎంత భరించాలో మాత్రం ముందే తేలుతుంది.

ఇక మన ములింగార్ సంగతి. క్యూసాక్ పార్క్‌లో మీరు చూసే వెస్ట్‌మీత్ ఫుట్‌బాల్, హర్లింగ్ ఆటగాళ్ళకు ఆడినందుకు జీతం లేదు. ఆదివారం మ్యాచ్ ఆడి సోమవారం బడిలో పాఠం చెప్పేవాళ్ళు, పొలం చూసుకునేవాళ్ళు వాళ్ళలో ఉంటారు. 2004లో మొట్టమొదటిసారి లెన్‌స్టర్ ఫుట్‌బాల్ కప్పు గెలిచిన జట్టూ, 2022లో టాల్టెన్ కప్పు తెచ్చిన జట్టూ అలాంటివే. అక్కడ పాట లేదు, ధర లేదు. గాయమైనా 'నీకు ఇంత ఖర్చుపెట్టాం' అనేవారూ లేరు. పవన్‌కు వచ్చిన డబ్బూ వాళ్ళకు రాదు. ఏది మేలో తరగతిలో తేలలేదు. వాదన ముగిసేలోగా బయట తల్లిదండ్రుల కార్లు వచ్చేశాయి.

కొత్త మాటలు: హెచ్చుపాట, బేరం, ఒప్పందం, గడువు, షరతు, మారకం, తెగింపు.

ఇంటిపని: 2023లో టైటాన్స్ తరఫున పవన్‌తో మీరే ఒప్పందం రాస్తున్నారనుకోండి. జట్టును కాపాడే షరతు ఒకటి, ఆటగాణ్ణి కాపాడే షరతు ఒకటి తెలుగులో రాయండి. వాటిని తాతయ్యకో అమ్మమ్మకో ఫోనులో చదివి వినిపించండి. వాళ్ళ ఊళ్ళో చెరువు పాట ఎలా జరిగేదో, పాట పెట్టినవారికి ఆ ఏడు చేపలు పడకపోతే ఏం చేసేవారో అడిగి రాసుకురండి.