సంగీతము – ఉత్కంఠ : ఒక నవలా పరిశీలన

ఉత్కంఠ నవలలు కాలక్షేపమునకే గాని సాహిత్య పరిశీలనకు తగవని పలువురి అభిప్రాయము. దానిని పునరాలోచింపజేయు రచన ఫ్రెంచి రచయిత గాస్టన్ లెరూ వ్రాసిన 'ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా'. ఇది 1909–10లో ధారావాహికగా వెలువడి, 1910లో గ్రంథరూపము దాల్చినది.

లెరూ వృత్తిరీత్యా పాత్రికేయుడు. కనుకనే కల్పనకు వాస్తవమును పునాదిగా వేసెను. కథాస్థలము పారిస్‌లోని సంగీత నాటకశాల. అది 1875లో ప్రారంభమైనది. పునాదులలో ఊరిన నీటి కారణముగా అడుగున జలాశయమును కట్టిరి. నవలలో అది ఎరిక్ రహస్య నివాసమును కాపాడు సరస్సైనది. 1896లో అచ్చటి షాండ్లియరునకు కట్టిన బరువొకటి జారిపడి ఒక స్త్రీ మరణించినది. నవలలో షాండ్లియరే ప్రేక్షకులపై కూలును.

అయినను ఉత్కంఠకు అసలు మూలము సంగీతమే. వికృతరూపుడైన ఎరిక్ కంటబడకుండ గోడవెనుకనుండి గాయని క్రిస్టీన్‌కు గానము నేర్పును. ఆమె ఆ స్వరమును దేవదూతదని నమ్మును. చెవి ఆదరించినదానిని కన్ను అంగీకరించునా? ఈ ప్రశ్నయే పాఠకుని తుదివరకు నడిపించును. అపరాధి ఎవరో తెలిసినంతనే సామాన్య నవలతో మనకు పని తీరును. ఈ ప్రశ్న మాత్రము పుస్తకము మూసినను తీరదు.

ఎరిక్ ముఖమును చూచియు, చివరకు క్రిస్టీన్ అతనికొరకు కన్నీరు కార్చును. ఆ జాలికి కరగి అతడామెను విడిచిపెట్టును. భయానకముతో మొదలైన కథ కరుణరసమున పర్యవసించినది. కావున విద్యార్థులు ఇట్టి నవలలను చదువునపుడు రహస్యమేమో తెలిసికొనుటతో తృప్తిపడక, ఆ రహస్యము వెనుక దాగిన మానవ వేదనను గూడ గుర్తింపవలెను.