పెంపుడు ఎలుకలలో గడ్డలు, కణితులు: గుర్తింపు, చికిత్స, కారణ నిర్ణయంలో జాగ్రత్త

సస్యశాస్త్రంలో ఎలుక అనగానే బొరియ, ఎర, బ్రోమడియోలోన్ గుర్తుకు వస్తాయి. ఆ జీవికి చికిత్స గురించి వ్రాయవలసి వస్తుందని నేను అనుకోలేదు. విస్తరణ విభాగంలో పనిచేస్తున్న నా పూర్వ విద్యార్థి ఒకరు ఫోన్ చేసి, తమ అమ్మాయి పెంచుకుంటున్న తెల్ల ఎలుకకు ముందుకాలి చంకలో ఉసిరికాయంత గడ్డ లేచిందని, తాము వేస్తున్న మొక్కజొన్నే దీనికి కారణమా అని అడిగారు. గడ్డను ఏమి చేయాలన్నది పశువైద్యుడు తేల్చవలసిన విషయం. దానిని మేతకు ఆపాదించవచ్చునా అన్న ప్రశ్న మాత్రం ప్రయోగ మడులు వేసే మనకూ చెందినదే.

ఆడ ఎలుకకు 6 జతల చనుమొనలు ఉంటాయి. క్షీరగ్రంథి కణజాలం మెడ నుండి గజ్జల వరకు, ప్రక్కలకు, భుజాల మీదికి కూడా వ్యాపించి ఉంటుంది. అందువలన చంకలోనో, తోక మొదట్లోనో లేచిన గడ్డ కూడా క్షీరగ్రంథికి చెందినదే కావచ్చు. ఇవి సాధారణంగా ఏడాది దాటిన తరువాత కనిపిస్తాయి. వీటిలో అత్యధికం ఫైబ్రోఅడినోమా అనే నిరపాయకర కణితులు. వ్రేలితో కదిపితే చర్మం క్రింద జారుతూ కదులుతాయి, నొప్పి ఉండదు. ఇతర అవయవాలకు వ్యాపించవు గాని పెరుగుదల ఆగదు. నిరపాయకరం అన్న మాట విని ఊరకుంటే, ఎలుక నడవలేని స్థితి వస్తుంది. చర్మం ఒరుసుకొని పుండు పడుతుంది.

చీముగడ్డ తీరు వేరు. అది కొద్ది రోజులలోనే లేస్తుంది, వెచ్చగా ఉంటుంది, ముట్టుకుంటే ఎలుక ఓర్చుకోదు. తరచుగా కాటు గాయమో, పక్కో కనిపిస్తుంది. లోపలి కండరానికి అతుక్కొని కదలని గడ్డను, చెవి క్రింద లేచిన గడ్డను మరింత అనుమానంతో చూడాలి. చెవి వద్ద ఉండే జింబల్ గ్రంథి కణితులు చాలావరకు ప్రమాదకరమైనవి. చేతి స్పర్శతో కలిగేది అంచనా మాత్రమే. సన్నని సూదితో తీసిన కణాల పరీక్ష, తొలగించిన గడ్డకు కణజాల పరీక్ష జరిగితేనే నిర్ధారణ. ఇంటివద్ద పిండడం, సూదితో పొడవడం చేయరాదు.

చికిత్స శస్త్రచికిత్సే. గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడే తీయించాలి. పెరిగేకొద్దీ దానికి రక్తం చేర్చే నాళాలు లావెక్కుతాయి, రక్తస్రావం వలన ప్రాణాపాయం హెచ్చుతుంది. ఎలుక వాంతి చేసుకోలేదు గనుక కుక్కకు, పిల్లికి చేసినట్లు రాత్రంతా మేత మాన్పించనవసరం లేదు. పైగా అది నీరసపరుస్తుంది. మత్తులో శరీరం త్వరగా చల్లబడుతుంది కాబట్టి వెచ్చదనం ఇవ్వాలి. పైకి కనిపించే కుట్లను కొరికివేస్తుంది కాబట్టి చర్మం లోపలే కుట్టడం మేలు. శస్త్రచికిత్స చేయించని ఎలుకను వారానికొకసారి తూచాలి. అయితే బరువు తగ్గలేదని సంతోషించరాదు. కణితి పెరుగుతూ ఎలుక తరుగుతూ ఉండవచ్చు. వెన్నెముక చేతికి తగులుతున్నదా అన్నది చూడాలి. మేత మాని, పుండు పడి, కదలలేని దశలో నొప్పి తెలియని మరణం కల్పించడమే దయ.

ఇక కారణం. వయస్సు, వంశం, హార్మోనులు ఇందులో ముఖ్యమైనవి. ముసలి ఆడ ఎలుకలలో పీయూష గ్రంథి కణితులు, అవి స్రవించే ప్రొలాక్టిన్ క్షీరగ్రంథి కణితులకు దోహదం చేస్తాయి. స్ప్రేగ్-డాలీ వంశపు ఆడ ఎలుకలలో ఏ మందూ ఇవ్వకపోయినా దాదాపు సగంలో ఇవి రావచ్చు. చిన్న వయస్సులోనే అండాశయాలు తొలగిస్తే ఆ సంఖ్య బాగా పడిపోతుంది. మేత పాత్ర లేకపోలేదు. అయితే బాగా రుజువైనది పరిమాణం సంగతి: ఎప్పుడూ గిన్నె నిండా మేత ఉంచిన ఎలుకలలో కంటే, మితంగా మేపిన ఎలుకలలో కణితులు తక్కువ.

ఈ సహజ స్థాయిని మరచిపోతే ఏమవుతుందో 2012లో చూశాము. ఫ్రాన్స్‌కు చెందిన సెరాలినీ బృందం ఎన్‌కె603 మొక్కజొన్న, రౌండప్ మీద రెండేళ్ల ప్రయోగం ప్రచురించింది. పెద్ద కణితులున్న ఎలుకల చిత్రాలు ప్రపంచమంతా తిరిగాయి. ఎంచుకున్నది స్ప్రేగ్-డాలీ వంశం. మొత్తం 200 ఎలుకలు. ఒక్కొక్క వర్గంలో ఆడవి 10, మగవి 10. కంట్రోల్ వర్గంలోనూ అంతే. క్యాన్సర్ ప్రయోగాలకు మార్గదర్శకాలు కోరేది వర్గానికి, లింగానికి కనీసం 50. ఫలితాలు నిర్ధారణకు చాలవంటూ పత్రిక 2013లో ఆ వ్యాసాన్ని ఉపసంహరించింది; 2014లో అది మరొక పత్రికలో తిరిగి వెలువడింది. ఆ మొక్కజొన్న నిరపాయమని ఆ ప్రయోగం చెప్పదు, అపాయమని కూడా చెప్పజాలదు. తెగులు సహజంగానే సగం మొక్కలకు వచ్చే రకాన్ని ఎంచుకొని, పది మొక్కల మడితో ఎరువు దోషాన్ని తేల్చబోయే విద్యార్థి సిద్ధాంత గ్రంథాన్ని మనం ఆమోదిస్తామా?

నా విద్యార్థి ఇంటి ఎలుకకు శస్త్రచికిత్స జరిగింది. పరీక్షలో ఫైబ్రోఅడినోమా అని తేలింది. ఆనాటి నుండి వారు మొక్కజొన్న మానివేశారు. ఐదు నెలలకు రెండవ వైపు తొడ వద్ద మరొక గడ్డ లేచింది. మొక్కజొన్న నిర్దోషి అని అప్పుడు ఆయన అన్నారు. ఒక్క ఎలుకతో అది కూడా తేలదని చెప్పాను. అప్పటికి దాని వయస్సు రెండేళ్లు దాటింది. మళ్లీ మత్తు ఇవ్వడం వద్దని డాక్టరు, అమ్మాయి కలిసి నిర్ణయించుకున్నారు.