ప్లాన్‌లో 40 ఎంబీపీఎస్, ఇంటర్వ్యూలో 2: బ్రాడ్‌బ్యాండ్ పదాల అసలు అర్థం ఇదీ!

పోయిన నెల ఊరెళ్లినప్పుడు మా చెల్లికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉంది. ఇంట్లో 40 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్. అయినా మధ్యలో వీడియో ఆగిపోయింది, వాయిస్ ముక్కలైంది. చివరికి నా ఫోన్ హాట్‌స్పాట్‌తో ఎలాగో ముగించింది. ఆ ఉద్యోగం రాలేదు. నెట్ వల్లే అనలేను కానీ, "అన్నయ్యా, 40 అన్నారు కదా?" అన్న తన ప్రశ్న మాత్రం వదల్లేదు. స్పీడ్ టెస్ట్ చేస్తే వచ్చింది 1.9!

కారణం ప్లాన్ కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఒక్కో పదం చూద్దాం.

ఎంబీపీఎస్: ఇది మెగాబిట్లు, మెగాబైట్లు కాదు. 8 బిట్లు ఒక బైట్. అంటే 40 ఎంబీపీఎస్‌లో సెకనుకు గరిష్ఠంగా 5 ఎంబీ దిగుతుంది. 1 జీబీ ఫైల్‌కు మూడు నిమిషాల పైనే.

ఎఫ్‌యూపీ: నెలకిచ్చిన డేటా అయిపోతే స్పీడ్ తగ్గిస్తారు. మా ఇంట్లో జరిగింది ఇదే, 2కి పడిపోయింది. అదే 1 జీబీకి ఇప్పుడు గంట దాటుతుంది.

అప్‌లోడ్, పింగ్: వీడియో కాల్‌లో మన ముఖం అవతలికి వెళ్లేది అప్‌లోడ్ మీదే. డేటా వెళ్లి తిరిగొచ్చే సమయం పింగ్. అది ఎంత తక్కువైతే గేమింగ్‌కి, కాల్స్‌కి అంత మంచిది.

మరి 2 ఎంబీపీఎస్‌ని బ్రాడ్‌బ్యాండ్ అనొచ్చా? అనొచ్చు! మన దేశంలో కనీస డౌన్‌లోడ్ స్పీడ్ 2004లో 256 కేబీపీఎస్, 2013లో 512 కేబీపీఎస్, 2023 నుంచి 2 ఎంబీపీఎస్. కాబట్టి "బ్రాడ్‌బ్యాండ్" అన్న మాట చూసి మురిసిపోవద్దు.

ఊళ్లో ఇంకో చిక్కుంది. భారత్‌నెట్ లక్ష్యం గ్రామ పంచాయతీలకు ఫైబర్ చేర్చడం. అయితే పంచాయతీ దాకా వచ్చినంత మాత్రాన మన గుమ్మం దాకా వచ్చినట్టు కాదు. ఆ చివరి ముక్క చాలాచోట్ల స్తంభాల మీదుగా వేలాడే కేబులే. గాలివానకు తెగితే ఎవరు, ఎన్నాళ్లకు అతుకుతారన్నదే అసలు సర్వీస్.

అందుకే కనెక్షన్ తీసుకునే ముందు ఈ మూడు అడగండి:

1. ఎఫ్‌యూపీ ఎంత, అది దాటాక స్పీడెంత?
2. అప్‌లోడ్ కూడా అంతేనా?
3. కేబుల్ తెగితే ఎన్ని రోజుల్లో బాగుచేస్తారు?

తర్వాత పక్కింట్లో అదే కనెక్షన్ ఉంటే, రాత్రి 8 గంటలకు వెళ్లి రౌటర్ పక్కనే నిలబడి స్పీడ్ టెస్ట్ చేయండి. పాంప్లెట్ చెప్పని నిజం అది చెబుతుంది.

చెల్లికి వచ్చే వారం మరో ఇంటర్వ్యూ ఉంది. ఈసారి ముందుగా డేటా ఎంత మిగిలిందో చూసుకున్నాం!