పరభాషాభ్యాసము

సికిందరాబాదునకు ఈశాన్యమున ఏ.ఎస్. రావు నగర్ అను పేట గలదు. 1967వ సంవత్సరమున హైదరాబాదునందు ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ అను ప్రభుత్వ సంస్థ ఏర్పడెను. దానికి ఆద్యుడైన శాస్త్రవేత్త అయ్యగారి సాంబశివరావు గారి పేరే ఈ పేటకు వచ్చినది. ఆ సంస్థలో పనిచేయుటకు దేశము నలుమూలలనుండి ఉద్యోగులు వచ్చిరి. అందుచే తెలుగు మాతృభాష కాని కుటుంబములు ఆ చుట్టుపట్ల వీథులలో నేటికిని కానవచ్చును.

ఉత్తరదేశమునుండి అట్టి కుటుంబమొకటి వచ్చినదని ఊహింపుడు. ఐదేండ్ల పిల్లవాడు వీథిలో గోలీలాడుచు, ఏడాది తిరుగకుండగనే తెలుగులో పోట్లాడ గలుగును. వాని తండ్రి ఇంగ్లీషున గట్టివాడే; యంత్రముల మర్మమెరిగినవాడే. ఐనను మూడేండ్లు గడచిన పిమ్మట కూడ పొరుగింటివారితో, “మనము రేపు తిరుపతికి వెళ్ళుచున్నాము” అనును. పాపము, అతని ఉద్దేశము “మేము వెళ్ళుచున్నాము” అని. పొరుగువారు తమ్మును కూడ పిలిచినారు కాబోలునని గుడ్డలు సర్దుకొన్నచో వారి తప్పు లేదు. హిందీలో గాని ఇంగ్లీషులో గాని మనము, మేము అను రెండింటికిని ఒకటే మాట. తన భాషలో లేని భేదము అతని మనస్సునకు వెంటనే తట్టదు.

బాలుడు పరభాషను ఆటలో పట్టుకొనును. పెద్దవాడు దానిని పాటుపడి సంపాదింపవలెను. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1817లో మదరాసునకు వచ్చినపుడు ఆయనకు పదునెనిమిదేండ్లు. తెలుగు నేర్చుకొనవలసిన అక్కర ఆయనకు ఆ వయస్సున కలిగెను. నేడు ఇంగ్లీషు మాతృభాషగా గల పెద్దలు అనేకులు చీనాదేశపు ప్రధానభాషయగు మాండరినును నేర్చుచున్నారు. వారి పాట్లును బ్రౌను పాట్లును ఒక్క జాతివే. అయితే మాండరిను మరికొంత ఎత్తైన కొండ. తమ దేశపు రాయబార ఉద్యోగులకు పరభాషలు నేర్పుటకై అమెరికా ప్రభుత్వము ఒక శిక్షణసంస్థను నడుపుచున్నది. ఆ సంస్థవారి లెక్క ప్రకారము స్పానిష్ భాషకు సుమారు 30 వారములు, తెలుగునకు 44 వారములు, మాండరినునకు 88 వారములు కావలెను. 88 వారములనగా తరగతిలోనే 2,200 గంటలు! మన తెలుగు కూడ కష్టమైన భాషల పట్టికలో చేరియుండుట తెలుగు పిల్లలకు వింతగా తోచవచ్చును.

ఈ కష్టమునకు మూలము నాలుకలో కంటె చెవిలోనే ఎక్కువగా నున్నది. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అను ఇద్దరు కెనడా పరిశోధకులు చంటిపిల్లల వినికిడిని పరీక్షించి తమ ఫలితములను ప్రకటించిరి. వారు తీసికొన్న ధ్వనులలో హిందీయందలి ట, త అను రెండు హల్లులు కూడ గలవు. ఇంగ్లీషు మాటలాడు ఇండ్లలో పుట్టిన శిశువులు ఆరు నుండి ఎనిమిది నెలల ప్రాయమున ఈ రెండు ధ్వనుల భేదమును చక్కగా గుర్తించిరి. పది పండ్రెండు నెలలు వచ్చుసరికి వారిలో ఆ శక్తి చాలవరకు తగ్గిపోయెను. అనగా బిడ్డ మాటలు నేర్వకముందే వాని చెవి మాతృభాషకు ఒదిగిపోవుచున్నదన్నమాట. అందుకే “పాట” యనినను “పాత” యనినను ఆంగ్లేయుని చెవికి మొదట ఒక్కటిగానే వినబడును.

మాండరినులో ఇంతకంటె సూక్ష్మమైన చిక్కొకటి గలదు. ఆ భాషలో స్వరము మారినచో అర్థము మారును. “మా” అను ఒక్క అక్షరమునే తీసికొనుడు. గొంతును పైస్థాయిలో నిలిపి సమముగా పలికినచో అది తల్లి. క్రిందనుండి పైకి లేపి పలికినచో జనపనార వంటి నారనిచ్చు మొక్క. అడుగునకు దింపి తిరిగి మెల్లగా ఎత్తినచో గుఱ్ఱము. పైనుండి చటుక్కున క్రిందికి విడిచినచో తిట్టుట! ఈ నాలుగు గాక, తేలికగా పలికి విడిచెడి మరియొకటి గలదు. అంగడిలో ఇది హాస్యము కాదు. “మాయ్” అను మాటను దింపి ఎత్తినచో కొనుట. పైనుండి విడిచినచో అమ్ముట.

స్వరమువలన అర్థము తలక్రిందులగుట మనవారికి క్రొత్త కాదు. త్వష్ట తన కుమారుడు ఇంద్రుని చంపువాడు కావలెనని హోమము చేయుచు “ఇంద్రశత్రుః” అను పదమున ఉదాత్తమును తప్పుచోట పలికెననియు, అందుచే ఆ కుమారుడైన వృత్రుడు ఇంద్రునిచేత చచ్చువాడయ్యెననియు వేదపాఠశాలలో ప్రతి విద్యార్థియు వినును. వేదము వల్లించువారు చేతిని క్రిందికిని పైకిని కదల్చుచు స్వరమును గుర్తుంచుకొందురు. చిత్రమేమనగా, మాండరిను తరగతిలో కూర్చున్న నడివయస్సు ఆంగ్లేయుడును అట్లే గాలిలో వ్రేలితో గీతలు గీయుచు పాఠమప్పగించును.

ఇంగ్లీషులో మాత్రము స్వరములు లేవా? ఉన్నవి. కాని అవి పదమునకు గాక వాక్యమునకు చెందును. ప్రశ్న వేయునపుడు ఇంగ్లీషువాడు తరచుగా చివర గొంతెత్తును. సంశయము కలిగినను ఎత్తును. మాండరిను మాటను “ఇదేనా?” అని జంకుచు పలికినపుడు ఆ జంకువలననే స్వరము పైకి లేచి మాట మారిపోవును. పాఠము బాగుగ వచ్చినవాడు కూడ ధైర్యము చాలక తప్పు చెప్పు సందర్భమిది! మరియు స్వరములు పదముల కలయికలో మారుచుండును. “నీ హావ్” అను కుశలవచనమున రెండు మాటలును మూడవ స్వరమునవే. ఐనను కలిపి పలుకునపుడు మొదటిది రెండవ స్వరమునకు మారును. మన సంధులవంటిదే ఇది. అందుచే మంచి ఉపాధ్యాయులు విడి మాటలకంటె రెండేసి మాటల జంటలనే ఎక్కువగా వల్లె వేయింతురు. విద్యార్థి తన గొంతును యంత్రమునందు పట్టి, గురువు గొంతుతో పోల్చుకొనును. తన తప్పు తనకు వినబడిననాడు సగము చదువు ముగిసినట్లే.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున హార్వర్డు విశ్వవిద్యాలయమున అమెరికనులకు చీనాభాష నేర్పిన యువెన్ రెన్ చావ్ అను పండితుడు ఈ రహస్యము నెరిగినవాడు. 1948లో వెలువడిన ఆయన వాచకము ధ్వనులను, స్వరములను గట్టిపరచిన పిదపనే తక్కిన పాఠములకు దారి తీయును. పునాది లేని గోడ లేపుట ఆయనకు సమ్మతము కాదు.

తెలుగు విద్యార్థికి ఈ భాషలో కొన్ని సదుపాయములు గలవు. పలుకులో తెలుగు “పా” వంటి మాటను పైనుండి దింపి చెప్పినచో తండ్రి. అదే పకారమును ఒత్తి పలికినచో భయపడుట. ఆంగ్లేయునకు ఈ భేదము ప్రయాసతో గాని పట్టుబడదు. మనకు ఒత్తక్షరములు ఉండనే యున్నవి. (వానిని పలుకుటలో మన అశ్రద్ధ సంగతి వేరు!) 1958లో చీనా ప్రభుత్వము స్వీకరించిన పిన్‌యిన్ పద్ధతిలో మాటలను రోమను లిపిలో వ్రాయుదురు. అది గొప్ప ఊతయే గాని, తన అక్షరములే కనబడగా ఆంగ్లేయుడు తన ఉచ్చారణకే జారిపోవును. వాక్యనిర్మాణమునందును మనకు మేలున్నది. “నిన్న కొన్న పుస్తకము” అని మనమన్నట్లే వారును విశేషణమంతయు ముందుంచి పుస్తకమును చివర చెప్పుదురు. ఇంగ్లీషులో పుస్తకము ముందు వచ్చును. మనము ముగ్గురు మనుష్యులు, మూడు చెట్లు అని లెక్కను మార్చునట్లు, వారు మనుష్యులకు, పుస్తకములకు, బల్లలకు, గుఱ్ఱములకు వేరువేరు లెక్కపదములు చేర్చుదురు. అన్నిటికంటె అచ్చెరువు గొలుపునది మరియొకటి: పెకింగు ప్రాంతపు వాడుకలో “త్సాన్‌మెన్” అనిన మనము, “వోమెన్” అను మాటను దానికి ఎదురుగా మేము అను అర్థమున వాడుదురు. తిరుపతి ప్రయాణము చెప్పుటలో చిక్కుకొన్న ఆ ఇంజనీరు ఇచ్చటను చిక్కుకొనును.

ఇక లిపి. దైనందిన వ్యవహారమునకు 3,500 అక్షరములను చీనా ప్రభుత్వము 1988లో పట్టికగా ప్రకటించెను. వానిని చిత్రములవలె ఒక్కొక్కటిగా బట్టీపట్టుట పిల్లలకు చెల్లును. పెద్దవాడు కారణము వెదకును. తల్లి అను అర్థమిచ్చు “మా” అక్షరమున ఒకవైపు స్త్రీ గుర్తును, మరియొకవైపు గుఱ్ఱపు గుర్తును ఉండును. తల్లికిని గుఱ్ఱమునకును సంబంధమేమి? ఏమియు లేదు. స్త్రీ గుర్తు అర్థమును, గుఱ్ఱము ధ్వనిని సూచించుచున్నవి. ఇట్టి కూర్పు తెలిసిన పిదప వేలకొలది అక్షరములు కొంత లొంగును. చెవి విషయమున వయస్సు శత్రువైనను, బుద్ధి విషయమున మిత్రమే.

పూర్వము చీనాభాష నేర్చుట ప్రాణములతో చెలగాటముగా ఉండెడిది. 1759లో జేమ్స్ ఫ్లింట్ అను కంపెనీ ఉద్యోగి కాంటను రేవు అధికారులపై చక్రవర్తికి చీనాభాషలో విన్నపము పంపెను. ఆ సాహసమునకు ఆయన మూడేండ్లు మకావులో చెరయందుండి, పిమ్మట దేశమునుండి వెడలగొట్టబడెను. విన్నపము వ్రాయుటకు తోడ్పడిన చీనీయునకు మరణదండనము విధింపబడెను. అటుపై విదేశీయులకు భాష చెప్పుట నిషిద్ధమయ్యెను.

రాబర్ట్ మారిసన్ కాంటను చేరిన 1807వ సంవత్సరమునను ఆ నిషేధము తొలగలేదు. ఆయన అంతకుముందే లండనులో ఒక చీనీయునియొద్ద పాఠములు ప్రారంభించియుండెను. ఒకనాడు గురువు కాగితముపై కొన్ని అక్షరములు వ్రాసియిచ్చెను. మారిసన్ వానిని కంఠస్థము చేసి, కాగితముతో పని తీరినదని నిప్పులో వేసెను. గురువు మండిపడి మూడు దినములు పాఠము చెప్పలేదు. వ్రాసిన కాగితమునకు కాలు తగిలిన కన్నుల కద్దుకొను మన పిల్లలకు ఆ కోపము సులభముగనే బోధపడును. మారిసనునకు అది కూడ ఒక పాఠమే అయ్యెను. ఆ పిమ్మట ఆయన తుడిచివేయుటకు వీలగు రేకుపై వ్రాయసాగెనట. కాంటనులో ఆయనకు భాష చెప్పినవారిలో ఒకరు పట్టుబడినచో చిత్రహింసకు లోనుగాక మునుపే మరణించుటకై విషమును వెంట నుంచుకొనెడివాడని చెప్పుదురు. అట్టివారి తోడ్పాటుతో మారిసన్ కూర్చిన నిఘంటువు 1815 మొదలు 1823 వరకు సంపుటములుగా అచ్చయ్యెను.

ఆ కాలముననే తెలుగుదేశమున బ్రౌను పండితులను బహిరంగముగ జీతములిచ్చి పోషించెను. ఇచ్చట పాలకుడు విద్యార్థి, ప్రజలలోనివాడు గురువు. మదరాసు కోటలోని కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు ఆయనకు తెలుగు చెప్పెను. 1820లో బ్రౌను కడపకు ఉద్యోగియై వెళ్ళెను. కేంబెల్ దొర 1816లో వ్రాసిన తెలుగు వ్యాకరణ మొకటి అప్పటికే అచ్చులో నుండెను. కాని కచ్చేరీకి వచ్చు రైతు ఆ వ్యాకరణము ప్రకారము మాటలాడడు గదా! పద్యమును, పామరుని పలుకును రెండింటిని వినవలెనని బ్రౌను గ్రహించెను. చెవిని పెట్టి విన్నవాడగుటచేతనే పండితులు అంతగా లెక్కింపని వేమన పద్యములు ఆయనకు విలువైనవిగా తోచెను. వ్రాతప్రతులను సేకరించి 1829లో ఇంగ్లీషు అనువాదముతో వానిని అచ్చు వేయించెను. 1840లో వ్యాకరణమును, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించెను. కావ్యపదములతో పాటు ఇంటింటి మాటలకును ఆ నిఘంటువున చోటు దొరకెను. కచ్చేరీలలో వాడు పారసీ, అరబ్బీ మాటలకు ప్రత్యేకముగ మరియొక నిఘంటువు కూర్చెను.

1855లో బ్రౌను స్వదేశమునకు వెడలిపోయెను. పదేండ్ల తరువాత, 1865లో, లండను విశ్వవిద్యాలయమున ఆయన తెలుగు ఆచార్యుడుగా నియమింపబడెను. అప్పటికి ఆయన వయస్సు అరువదియారేండ్లు. పదునెనిమిదవ యేట మదరాసులో ఓనమాలు దిద్దిన భాషను, తనవలెనే చిన్ననాట దానిని వినని ఆంగ్లేయులకు ఆయన చెప్ప మొదలిడెను.