పస్తున్నవాడి షుగరు

అమ్ములూ,

నీ ఉత్తరం అందింది. కాలికి చీము పట్టి మీ వార్డులో చేరిన షుగరు పేషెంటుకు, పొద్దున ఆపరేషన్ ఉందని రాత్రంతా నోటికి ఏమీ ఇవ్వలేదు. పడుకునే ముందు 210 ఉన్న షుగరు తెల్లారేసరికి 268 అయింది. భార్య చాటుగా ఏదో పెట్టి ఉంటుందని వార్డంతా తేల్చేసింది, నువ్వూ ఆవిడని రెండు మాటలన్నావు. ఆవిడ పెట్టలేదని నేను ఒట్టేసి చెప్పలేను. కానీ ఏమీ పెట్టకపోయినా ఆ అంకె వస్తుంది.

రక్తంలో ఏ సమయానికైనా ఉండే గ్లూకోజు నాలుగైదు గ్రాములే. మెదడు ఒక్కటే గంటకు దాదాపు 5 గ్రాములు వాడేస్తుంది. అందుకే లివర్ రాత్రంతా పనిచేస్తూనే ఉంటుంది. 60 కిలోల మనిషిలో గంటకు ఇంచుమించు 7 గ్రాములు వదులుతుంది. తనలో దాచుకున్న గ్లైకోజెన్ ఓ 100 గ్రాములుంటుంది. దాన్ని కరిగిస్తూనే, లాక్టేట్ నుంచీ గ్లిజరాల్ నుంచీ కండరాలు పంపే అమైనో ఆమ్లాల నుంచీ కొత్త గ్లూకోజు తయారుచేస్తుంది. 1855లో ఫ్రాన్సులో క్లాడ్ బెర్నార్డ్ కుక్క లివర్‌ని బయటికి తీసి, చక్కెర జాడ లేకుండా పోయేదాకా నీళ్లతో కడిగి అలా వదిలేశాడు. మర్నాడు చూస్తే అందులో మళ్లీ చక్కెర ఉంది. నాకు మాత్రం అంతకుముందు 1849లో ఆయన చేసిన ప్రయోగమే ఎక్కువ ఇష్టం. మెదడు అడుగుభాగంలో ఒకచోట సూదితో పొడిస్తే జంతువు మూత్రంలోకి చక్కెర వచ్చింది. తిండితో పని లేకుండా, నరాలకు తగిలిన దెబ్బ వల్లే షుగరు పెరిగిందన్నమాట.

ఇన్సులిన్ అనగానే చక్కెరను కండరాల్లోకి పంపేది అని మీరంతా టకటకా చెప్పేస్తారు. పరగడుపున దాని ముఖ్యమైన పని వేరే. లివర్‌ని అదుపులో ఉంచడం. పాంక్రియాస్ నుంచి వచ్చే ఇన్సులిన్ పోర్టల్ సిర గుండా ముందు లివర్‌కే చేరుతుంది, దాదాపు సగం అక్కడే ఖర్చవుతుంది. గ్లైకోజెన్ కరగకుండా ఆపుతుంది. ఒంట్లో కొవ్వు కరగడాన్నీ తగ్గిస్తుంది కాబట్టి, కొత్త గ్లూకోజు తయారీకి కావలసిన ఇంధనం కూడా లివర్‌కి సరిగా అందదు.

ఈ పగ్గాన్ని వదులు చేసేవే స్ట్రెస్ హార్మోన్లు. అడ్రినలిన్ నిమిషాల్లో పనిచేస్తుంది. గ్లైకోజెన్‌ని కరిగిస్తుంది, లివర్ చేత షుగరు వదిలించే గ్లూకగాన్ అనే హార్మోన్‌ని పెంచుతుంది, పైగా పాంక్రియాస్‌ని ఇన్సులిన్ విడుదల చేయనివ్వదు. అడ్రినలిన్ మాట లివర్ కణం లోపలికి ఎలా చేరుతుందో వెతుకుతూనే ఎర్ల్ సదర్లాండ్ సైక్లిక్ ఏఎంపీని కనుక్కున్నాడు, 1971లో నోబెల్ అందుకున్నాడు. కార్టిసాల్‌కి తొందర లేదు. గంటల వ్యవధిలో జన్యువుల స్థాయిలో పనిచేసి, గ్లూకోజు తయారుచేసే ఎంజైములను పెంచుతుంది, కండరాలను కరిగించి ముడిసరుకు పంపుతుంది, గ్లూకగాన్, అడ్రినలిన్‌ల ప్రభావాన్ని ఇంకా పెంచుతుంది. గాయపడ్డ ఒళ్లు మెదడుకు తిండి తప్పకుండా చూసుకునే పద్ధతి ఇది. ఆరోగ్యవంతుడైతే ఇన్సులిన్ కాస్త పెంచుకుని సర్దుకుంటాడు. మీ పేషెంటుకు ఆ సత్తువే లేదు. చీము, జ్వరం, నొప్పి, నిద్రలేమి, కాలు తీసేస్తారేమోనన్న భయం అన్నీ కలిసి ఆయన లివర్‌కి ఒకటే చెబుతున్నాయి, షుగరు వదలమని. దానికి తోడు తెల్లవారుజామున కార్టిసాల్ ఎలాగూ పెరుగుతుంది. ఇదంతా ఆ ఇల్లాలికి నీ మాటల్లో చెప్పు. తిట్టింది నువ్వు కాబట్టి చెప్పాల్సిందీ నువ్వే, సిస్టర్‌ చేత చెప్పించకు.

పేషెంటుతో మాత్రం ‘టెన్షన్ పడకండి’ అనకు. అలా అంటే ఎవరికీ ఏ హార్మోనూ తగ్గదు. నొప్పి మందు వేళకు పడిందో లేదో చూడు. చీము తీయడం ఆలస్యమవుతుంటే సీనియర్లని విసిగించైనా సరే అడుగు.

తినడం లేదు కదా అని ఇన్సులిన్ మొత్తం ఆపేసే అలవాటు చాలా వార్డుల్లో ఉంది, నాకు మహా కోపం. భోజనం ముందు వేసే డోసు మానొచ్చు. రోజంతా లివర్‌ని పట్టి ఉంచే డోసు మాత్రం పూర్తిగా మానకూడదు. ఎంత తగ్గించాలి, డ్రిప్ పెట్టాలా అన్నది పెద్ద డాక్టర్లని అడిగి తేల్చుకో. టైప్ 1 వాళ్లకైతే ఆపడం ప్రాణాంతకం, కీటోన్లు పెరిగిపోతాయి.

మందుగా వేసుకునే స్టెరాయిడ్లూ కార్టిసాల్ పనే చేస్తాయి, వాటి సంగతి పేషెంటుని నోరు తెరిచి అడుగు. పొద్దున ప్రెడ్నిసొలోన్ మాత్ర వేసుకునేవాళ్లకు పరగడుపు షుగరు బాగానే కనిపించి, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఎగిరిపడుతుంది. కీళ్ల నొప్పులకని ఊళ్లో ఎవరో కట్టిచ్చే పేరులేని పొట్లాల్లోనూ ఒక్కోసారి స్టెరాయిడే ఉంటుంది. వాటిని జనం మందుల లెక్కలోనే వేయరు, కాబట్టి ‘ఏ మందులు వాడుతున్నారు’ అంటే చెప్పరు.

దీనికి పూర్తిగా తిరగబడ్డ కేసూ నీకు తగులుతుంది. రెండు రోజులు తిండి మాని తాగినవాడు షుగరు పడిపోయి స్పృహ తప్పి వస్తాడు. గ్లైకోజెన్ అయిపోయి ఉంటుంది, కొత్త గ్లూకోజు తయారీని ఆల్కహాల్ అడ్డుకుంటుంది. అక్కడ గ్లూకగాన్ ఇంజక్షన్‌ని నమ్ముకోకు. సిరలోకి గ్లూకోజు ఎక్కించు, థయమిన్ మరిచిపోకు.

మీ పేషెంటు విషయంలో ఇంకొకటి. చీము పోయి జ్వరం తగ్గాక ఈ హార్మోన్లూ తగ్గుతాయి. ఆపరేషన్ ముందు చాలని ఇన్సులిన్ డోసే రెండో రోజుకి ఎక్కువై, షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. రోజూ డోసు మళ్లీ లెక్కగట్టు, రాత్రి మూడింటికి ఒకసారి షుగరు చూడమని కేస్ షీట్‌లో రాయి.

ఉంటాను.
పెద్దమ్మ